నిలిపివేసిన రేసు గుర్రం మళ్లీ బరిలోకి ఎలా వస్తుంది?

2023 మే 6. అమెరికాలోని లూయీవిల్ నగరం, చర్చిల్ డౌన్స్ మైదానం. ఆ సాయంత్రం జరగాల్సిన కెంటకీ డర్బీ అనే పెద్ద గుర్రప్పందెంలో అందరి కళ్లూ ఫోర్టే అనే గుర్రం మీదే ఉన్నాయి. అంతకు ముందు ఏడాది రెండేళ్ల మగ గుర్రాల్లో దేశానికే మేటి అనిపించుకున్న గుర్రం అది. ఆ ఉదయం రాష్ట్ర రేసింగ్ కమిషన్ పశువైద్యుడు దాన్ని పరీక్షించి, కుడి ముందుకాలి డెక్క కమిలిందన్న కారణంతో పందెం నుంచి తప్పించారు. కొన్ని గంటల్లో పరుగు తీయాల్సిన గుర్రం లాయంలోనే ఉండిపోయింది.

ఆ రోజు చాలామంది ఇంకో మాట అనుకున్నారు. డర్బీ పోతే పోయింది, రెండు వారాల్లో ప్రీక్‌నెస్ అనే ఇంకో పెద్ద పందెం ఉంది కదా, డెక్క కమిలిన నొప్పి అప్పటికి తగ్గకపోతుందా అని. అక్కడే చిక్కు పడింది. తప్పించడంతో పాటు ఫోర్టే పేరు పశువైద్యుల జాబితాకు ఎక్కింది. ఆ జాబితాలో కనీస గడువు 14 రోజులు. మే 6కు పద్నాలుగు కలిపితే మే 20. ప్రీక్‌నెస్ సరిగ్గా మే 20నే. నొప్పి తగ్గినా తగ్గకపోయినా ఆ పందేనికి ఫోర్టేకు అర్హత లేకుండా పోయింది. తిరిగి జూన్ 10న బెల్మాంట్ స్టేక్స్‌లో పరిగెత్తి రెండో స్థానంలో నిలిచింది.

గుర్రం బాగానే ఉన్నట్టు కనిపిస్తున్నా ఎందుకు ఆపుతారు? ఆపిన తర్వాత ‘ఇక పరిగెత్తవచ్చు’ అని ఎవరు, దేన్ని చూసి చెబుతారు? పందేలు కట్టేవారికే కాదు, కొత్తగా గుర్రాన్ని కొన్నవారికి కూడా అయోమయంగా ఉండే విషయమిది. ఈ పద్ధతి ఎక్కువ చర్చకు, ఎక్కువ మార్పులకు లోనైంది అమెరికాలోనే కాబట్టి ముందు అక్కడి నుంచే మొదలుపెడదాం.

జాబితా అంటే శిక్ష కాదు

రేసింగ్‌లో గుర్రాన్ని ఆపడానికి మూడు వేర్వేరు జాబితాలు ఉంటాయి. జనం ఈ మూడింటినీ కలిపేసి ‘నిషేధం’ అనడం వల్లే సగం గందరగోళం పుడుతుంది.

మొదటిది స్టీవార్డుల జాబితా. పందేలను పర్యవేక్షించే అధికారులే స్టీవార్డులు. గుర్రం గుర్తింపు పత్రాలు సరిపోలకపోయినా, మెడలోని మైక్రోచిప్ వివరాలు తేడాగా ఉన్నా, వరుసగా మిగతా గుర్రాల దరిదాపుల్లోకి కూడా రాలేకపోయినా ఇందులోకి ఎక్కిస్తారు. పత్రాలు సరిచేయడంతోనో, ఉదయపు దౌడులో తగినంత వేగం చూపడంతోనో ఇది తొలగిపోతుంది.

రెండోది స్టార్టర్ జాబితా. పందెం మొదలయ్యే ఇనుప గేటులోకి వెళ్లనని మొరాయించే గుర్రం, లోపల పైకి లేచి పక్క జాకీని కూడా ప్రమాదంలో పెట్టే గుర్రం ఇందులోకి వస్తుంది. ఉదయం పూట గేటు దగ్గర సాధన చేయించి, ప్రశాంతంగా నిలబడుతోందని స్టార్టర్‌ను ఒప్పించాలి. మన దేశంలోని క్లబ్బుల్లోనూ ఇటువంటి గుర్రాలకు గేటు పరీక్షలు, ఉదయపు మాక్ రేసులు (సాధన కోసం పెట్టే ఉత్తుత్తి పందేలు) ఉంటాయి. మలక్‌పేట మైదానానికి తెల్లవారుజామున వెళ్లే అలవాటున్న వారికి ఇది కొత్త కాదు.

మూడోది పశువైద్యుల జాబితా. ఫోర్టే ఎక్కింది దీనికే, చిక్కంతా ఉన్నదీ ఇందులోనే. కుంటుతున్న గుర్రం, జబ్బుపడిన గుర్రం, ముక్కు నుంచి రక్తం కారిన గుర్రం, ఎండదెబ్బ తగిలిన గుర్రం, కొన్ని రకాల చికిత్సలు పొందిన గుర్రం దీనిలోకి వస్తాయి. ఎవరో తప్పు చేశారని ఇందులో చేర్చరు. ఈ స్థితిలో పరిగెత్తిస్తే గుర్రానికీ, దాని వీపు మీద కూర్చున్న మనిషికీ ప్రమాదం అన్న అంచనాతో చేరుస్తారు. అందుకే ఇందులోంచి బయటపడటానికి జరిమానా కట్టడం, క్షమాపణ చెప్పుకోవడం వంటి దారులు ఉండవు. గుర్రం తన ఒంటితో నిరూపించుకోవాలి.

చికిత్స కూడా ఒక కారణమే అన్నది చాలామందికి వింతగా తోస్తుంది. కాలికి షాక్‌వేవ్ (బలమైన ధ్వని తరంగాల) చికిత్స ఇచ్చిన గుర్రం అమెరికా నిబంధనల ప్రకారం 30 రోజుల వరకు పందెంలోనూ పరిగెత్తకూడదు, వేగపు సాధనా చేయకూడదు. కీలులోకి మందు ఎక్కిస్తే పందేనికి 14 రోజులు, సమయం లెక్కించే సాధన దౌడుకు 7 రోజులు ఆగాలి. చికిత్స తప్పు కాదు. కాకపోతే అది నొప్పిని కొంతకాలం మాయం చేస్తుంది. నొప్పి తెలియని కాలి మీద గుర్రం పూర్తి బరువు వేసి దౌడు తీస్తే, లోపల ఉన్న చిన్న బీట పెద్దదై ఎముకే విరుగుతుంది.

వైద్యుడు ఏం చూస్తాడు

పందెం రోజు ఉదయం నియంత్రణ సంస్థ పశువైద్యుడు లాయాల వరుసలోకి వస్తాడు. ఈయన శిక్షకుడి దగ్గర జీతం తీసుకునే వైద్యుడు కాడు. కాళ్లకు చుట్టిన పట్టీలు విప్పించి, మోకాలి నుంచి కిందికి అరచేతిని మెల్లగా జారుస్తాడు. వెచ్చదనం ఉందా, వాపు ఉందా, స్నాయువు మీద నొక్కితే కాలు లాక్కుంటోందా అని చూస్తాడు. కాలిని మడిచి, గిట్ట పైనున్న కీలు ఎంతవరకు వంగుతోందో గమనిస్తాడు. తరువాత లాయం మనిషి పగ్గం వదులుగా పట్టుకుని గుర్రాన్ని వైద్యుడికి దూరంగా, మళ్లీ వైద్యుడి వైపుగా కొద్దిదూరం చిన్న పరుగు తీయిస్తాడు.

ఆ కొద్దిదూరంలో వైద్యుడు ముఖ్యంగా చూసేది తలను. ముందుకాలిలో నొప్పి ఉంటే, ఆ కాలు నేలను తాకే క్షణంలో గుర్రం తల పైకి లేస్తుంది. బరువును ఆ కాలి మీద పడనీయకుండా తప్పించుకునే ప్రయత్నమది. బాగున్న కాలు నేలను తాకినప్పుడు తల కిందికి వంగుతుంది. వెనుక కాళ్లలో నొప్పి ఉంటే తలకు బదులు తుంటి ఎత్తుపల్లాలను చూడాలి. పగ్గం బిగించి పట్టుకుంటే తల ఊగడం కనిపించదు, అందుకే దాన్ని వదులుగా పట్టుకోమంటారు.

గుర్రం వేటజంతువుల నుంచి పారిపోయి బతికిన జాతి. మందలో కుంటేదాన్నే పులి ముందు పట్టుకుంటుంది. అందుకే నొప్పిని దాచుకోవడం దాని స్వభావంలోనే ఉంది. పందెం రోజు చుట్టూ సందడి, ఒంట్లో ఉద్రేకం ఉన్నప్పుడు ఇంకా దాస్తుంది. ఈ మూగజీవి చెప్పని మాటను తల ఊపులోంచి, అడుగుల చప్పుడులోంచి చదవాలి. ‘బయటికి బాగానే ఉంది కదా’ అన్న మాట ఈ రంగంలో ఎందుకు చెల్లదో ఇక్కడే అర్థమవుతుంది.

రోజులు లెక్కపెట్టడం వెనుక ఎముక కథ

గడువు ఎందుకు, బాగైన రోజునే వదిలేయవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. జవాబు ఎముకలో ఉంది.

రేసు గుర్రం బరువు దాదాపు 500 కిలోలు. పూర్తి దౌడులో ఒక దశలో ఒంటి కాలి మీదే నేలను తాకుతుంది. ఆ క్షణంలో ఆ కాలి మీద పడే భారం శరీర బరువుకు రెండింతలు దాటుతుంది. దాన్ని మోసేది ముఖ్యంగా మోకాలికీ గిట్టపై కీలుకూ మధ్యనున్న పొడవాటి ఎముక. సాధన పెరిగేకొద్దీ అందులో కంటికి కనిపించని బీటలు పడతాయి. శరీరం వాటిని బాగుచేసుకుంటుంది కూడా. అయితే ముందు దెబ్బతిన్న ఎముకను తొలిచేస్తుంది, ఆ తరువాతే కొత్తది నింపుతుంది. తొలిచే పని వారాల్లో అయిపోతుంది, నింపే పనికి నెలలు పడుతుంది. మధ్యలో ఎముక మునుపటి కంటే బలహీనంగా ఉంటుంది. నొప్పి తగ్గిపోయి గుర్రం ఉషారుగా కనిపించే రోజులు, ఎముక బోలుగా ఉన్న రోజులు ఒకటే కావచ్చు.

పందేల్లో కాలు విరిగి చనిపోయిన గుర్రాలకు శవపరీక్ష చేసినప్పుడు, చాలావాటిలో ఎముక విరిగిన చోటనే పాత గాయం ఆనవాళ్లు కనిపించాయి. కాలిఫోర్నియాలో 1990 నుంచి ఇటువంటి శవపరీక్షలు క్రమం తప్పకుండా జరుగుతున్నాయి. ‘అకస్మాత్తుగా అడుగు తప్పి విరిగింది’ అనుకున్న ప్రమాదాలు చాలావరకు అకస్మాత్తుగా జరిగినవి కావని తేలింది. ముందే గుర్తించే వీలున్నదాన్ని గుర్తించాలన్న పట్టుదల అక్కడి నుంచే బలపడింది.

ఆ లెక్కన 14 రోజుల్లో ఎముక నయమవుతుందా? కాదు. అందుకే గడువు ముగిస్తే చాలదు. చాలామంది పొరబడేది ఇక్కడే. గడువు అన్నది ‘ఇంతకు ముందు అడగవద్దు’ అనే గీత మాత్రమే. అది దాటినంత మాత్రాన పేరు దానంతట అది తొలగదు. చిన్న జ్వరం వంటి కారణాలకు వైద్యుని పరీక్ష సరిపోవచ్చు. కుంటి కారణంగా ఎక్కిన గుర్రం మాత్రం పరిగెత్తి చూపాలి. ఏడాది తిరగకుండా అదే కారణంతో మళ్లీ ఎక్కితే గడువు కూడా పెరుగుతూ పోతుంది.

తాళం తీసే దౌడు, ఆ తరువాతి రక్తపరీక్ష

ఈ మొత్తం పద్ధతికి గుండెకాయ వంటిది ఈ దౌడు. శిక్షకుడు ముందుగా నియంత్రణ వైద్యుడికి కబురు పెట్టి సమయం తీసుకుంటాడు. సాధారణంగా నాలుగు ఫర్లాంగులో అయిదు ఫర్లాంగులో, అంటే అర మైలు దాటి దాటని దూరం. వైద్యుడు దౌడుకు ముందు కాళ్లు చూస్తాడు. దౌడు చూస్తాడు. ఒళ్లు చల్లబడ్డాక మళ్లీ చిన్న పరుగు తీయించి చూస్తాడు. దౌడు వేడిలో దాగిన నొప్పి, ఒళ్లు చల్లారాక బయటపడుతుంది. అందుకే ఈ మూడో చూపు మొదటి రెండింటి కంటే విలువైనది.

తరువాత రక్తం తీస్తారు. ఇది లేకపోతే మిగతాదంతా వృథా. ఫినైల్‌బ్యూటజోన్ వంటి నొప్పి మందు ముందు రోజు ఇచ్చి ఉంటే, కుంటే గుర్రం కూడా చక్కగా పరిగెత్తి చూపుతుంది. వైద్యుని కన్ను చూసేది కాలిని కాదు, మందును అవుతుంది. అందుకని దౌడు బాగున్నా, ప్రయోగశాల నుంచి ఫలితం వచ్చేదాకా పేరు జాబితాలోనే ఉంటుంది. అమెరికాలో 2023 నుంచి అమల్లో ఉన్న మందుల నియంత్రణ నిబంధనలు ఈ దౌడు తరువాత తీసిన నమూనాను పందెం తరువాత తీసిన నమూనాతో సమానంగా చూస్తాయి. అందులో ఉండకూడని మందు దొరికితే గుర్రం బయటకు రాదు సరికదా, శిక్షకుడి మీద కేసు కూడా నమోదవుతుంది. పందెం కాని పందెంలో శిక్ష ఏమిటని కొందరు శిక్షకులు అడుగుతారు. మందు చాటున తీసిన దౌడు అసలు పరీక్షే కాదు కదా అన్నది అవతలి వాదం. ఈ ఒక్క విషయంలో నా మొగ్గు స్పష్టంగా రెండో వాదం వైపే.

ఇంతా చేసి వైద్యుడు ఇచ్చే అనుమతికి అర్థం చాలా ఇరుకైనది. ‘ఈ గుర్రం ఆరోగ్యవంతమైనది’ అని ఆయన అనడం లేదు. ‘మందు అండ లేకుండా, ఫలానా రోజున, నా కళ్ల ముందు, ఇంత దూరం కుంటకుండా దౌడు తీసింది’ అని మాత్రమే అంటున్నాడు. అనుమతి పొందిన గుర్రం తరువాతి పందెంలో గాయపడితే ‘మరి ఎలా వదిలారు’ అని కోపగించుకునే వారూ, జాబితా దాటింది కాబట్టి నిశ్చింతగా కొనవచ్చు అనుకునే వారూ ఈ ఇరుకుదనాన్ని గమనించరు.

ముక్కు నుంచి రక్తం: ఒకే గాయం, రెండు దేశాల తీర్పు

తీవ్రమైన దౌడులో గుర్రం ఊపిరితిత్తుల్లోని సన్నని రక్తనాళాలు చిట్లుతాయి. చాలా గుర్రాల్లో ఇది ఎంతో కొంత జరుగుతుంది, గొట్టం వేసి చూస్తేనే కనిపిస్తుంది. కొన్నిటిలో మాత్రం రక్తం ముక్కుదాకా వస్తుంది. దీనికి కుంటి పరీక్ష పనికిరాదు కనుక గడువే ప్రధానం.

అమెరికా రేసింగ్ కమిషనర్ల సంఘం తయారుచేసిన మాదిరి నిబంధనల్లో మొదటిసారికి 14 రోజులు, ఏడాదిలోపు రెండోసారికి 30 రోజులు, మూడోసారికి 180 రోజులు, నాలుగోసారికి జీవితాంతం నిలిపివేత. ఆస్ట్రేలియా ఇంత ఓపిక పట్టదు. రెండు ముక్కుపుటాల నుంచీ రక్తం కారితే మొదటిసారే మూడు నెలలు పందెం లేదు, అందులో మొదటి రెండు నెలలు దౌడు సాధన కూడా లేదు. ఆపైన రేసింగ్ అధికారి ఎదుట కనీసం 1000 మీటర్ల దౌడు తీసి చూపాలి. రెండోసారి కారితే ఆ గుర్రం పందెపు జీవితం ముగిసినట్టే.

తేడాకు ఒక కారణం మందు. పందెం రోజున ఫ్యూరోసెమైడ్ ఇచ్చి రక్తస్రావాన్ని తగ్గించడం అమెరికాలో దశాబ్దాలుగా సాగింది. ఇప్పుడు రెండేళ్ల గుర్రాల పందేల్లో, స్టేక్స్ అనే పెద్ద స్థాయి పందేల్లో దాన్ని ఆపేశారు. ఆస్ట్రేలియా పందెం రోజున ఆ మందుకు చోటివ్వలేదు కనుక గడువును పొడవుగా పెట్టుకుంది.

గుర్రంలో లోపం లేకపోయినా ఆగిపోయినప్పుడు

ఒక్కోసారి గుర్రం ఒంటి నిండా బలం ఉన్నా కదలనివ్వరు. మన దేశంలో అందుకు పెద్ద కారణం గ్లాండర్స్. ఒక బ్యాక్టీరియా వల్ల గుర్రాలకు, గాడిదలకు, కంచర గాడిదలకు వచ్చే వ్యాధి ఇది. మనుషులకూ సోకుతుంది. టీకా లేదు. సోకినట్టు తేలిన గుర్రానికి చికిత్స చేయరు, 2009 నాటి జంతువుల అంటువ్యాధుల చట్టం కింద బాధ లేకుండా ప్రాణం తీసి, యజమానికి పరిహారం ఇస్తారు. చుట్టుపక్కల ప్రాంతం నుంచి గుర్రాల రాకపోకలు ఆగిపోతాయి. అక్కడ ఉన్నవాటి రక్తనమూనాలు హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం వంటి చోట్లకు వెళ్తాయి.

హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, పుణె, ముంబయి మధ్య సీజన్‌ను బట్టి గుర్రాలు లారీల్లో తిరుగుతుంటాయి. అందుకే ఒక ఊళ్లో ఒక్క గుర్రానికి సోకినా, ఆ లాయంలో నిలబడిన మిగతా గుర్రాలన్నిటికీ దారి మూసుకుపోతుంది. ఇక్కడ ‘క్లియరెన్స్’ అంటే దౌడు కాదు, కాగితం. మళ్లీ మళ్లీ చేసే రక్తపరీక్షల్లో వ్యాధి లేదని తేలిన కాగితం.

అమ్మకాన్ని రద్దుచేసే జాబితా

అమెరికాలో క్లెయిమింగ్ రేసులు అని ఉంటాయి. అందులో పరిగెత్తే ప్రతి గుర్రానికీ ముందే ఒక ధర ప్రకటిస్తారు. అర్హత ఉన్న ఎవరైనా పందేనికి ముందే ఆ ధర కట్టి, పందెం కాగానే గుర్రాన్ని సొంతం చేసుకోవచ్చు. కుంటే గుర్రాన్ని తక్కువ ధరకు పందెంలో దింపి, ఎవరైనా కొనుక్కుంటే వదిలించుకుందామనే దురాశకు ఇది తావిచ్చింది.

ఇప్పుడు పందెం తరువాత గుర్రం చనిపోయినా, కుంటు వల్లనో ముక్కు రక్తం వల్లనో వైద్యుడు దాన్ని జాబితాలో చేర్చినా ఆ అమ్మకం చెల్లదు. గుర్రం పాత యజమాని దగ్గరికే వెళ్తుంది, జాబితాతో సహా. కొనేవాడికి రక్షణ అన్నమాట నిజమే. దీని అసలు ఫలితం వేరే చోట కనిపిస్తుంది. అనుమానం ఉన్న గుర్రాన్ని దింపి లాభం లేదని తెలిశాక, పాత యజమానే ముందు ఆలోచించుకుంటాడు.

ఇదివరకు ఒక రాష్ట్రంలో జాబితాకెక్కిన గుర్రాన్ని లారీ ఎక్కించి ఇంకో రాష్ట్రంలో దింపే సందులు కూడా ఉండేవి. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో నిబంధన. 2019లో శాంటా అనిటా మైదానంలో ఒక్క సీజన్‌లోనే 30 గుర్రాలు చనిపోయి దేశమంతా అలజడి రేగాక, 2020 డిసెంబరులో జాతీయ చట్టం వచ్చింది. దాని కింద ఏర్పడిన సంస్థను క్లుప్తంగా ‘హీసా’ అంటారు. 2022 జులై 1 నుంచి దాని భద్రతా నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఏ గుర్రానికి ఏ చికిత్స జరిగిందో పశువైద్యులు 24 గంటల్లో నమోదు చేయాలి. ఒకచోట జాబితాకెక్కిన గుర్రం పేరును ఆ సంస్థ పరిధిలోని మరే మైదానంలోనూ పందేనికి ఇవ్వడం కుదరదు.

దీని మీద కోర్టు తగాదాలు తెగలేదు. ఒక ప్రైవేటు సంస్థ చేతికి ఇంత అధికారం ఇవ్వడం రాజ్యాంగానికి విరుద్ధమని కొన్ని రాష్ట్రాలు, గుర్రాల యజమానుల సంఘాలు వాదిస్తున్నాయి. టెక్సాస్ వంటి చోట్ల ఇది అమలు కావడం లేదు. ఫలితం విషయానికి వస్తే, దేశంలో 2009లో ప్రతి 1000 పరుగులకు 2.00 మరణాలు నమోదయ్యాయి. 2024లో హీసా పరిధిలోని మైదానాల్లో అది 0.90. ఈ తగ్గుదల అంతా జాబితా పుణ్యమే అనలేం. నేల నిర్వహణ, మందుల కట్టడి, కొరడా నిబంధనలు అన్నీ ఈ మధ్యకాలంలోనే మారాయి.

కన్ను తప్పినప్పుడు, యంత్రం తప్పినప్పుడు

2019 నవంబరు 2న శాంటా అనిటాలోనే జరిగిన బ్రీడర్స్ కప్ క్లాసిక్ పందెంలో మంగోలియన్ గ్రూమ్ అనే గుర్రం ఎడమ వెనుక కాలు విరిగి చనిపోయింది. ఆ వారమంతా వైద్యులు దాన్ని ఒకసారి కాదు, పలుమార్లు చూశారు. నిర్వాహకులు ప్రసిద్ధ అశ్వవైద్యుడు లారీ బ్రామ్లేజ్ చేత విచారణ చేయించారు. పందేనికి ముందే దాన్ని తప్పించగల అవకాశాలు చేజారాయని ఆయన నివేదిక తేల్చింది. వెనుక కాళ్లు రెండింటిలోనూ ఒత్తిడి వల్ల పడిన బీటలు ఉన్నాయి. ఒక కాలే నొప్పిగా ఉంటే గుర్రం రెండోదాని మీదికి వాలుతుంది, ఆ తేడాయే కుంటుగా కనిపిస్తుంది. రెండూ నొప్పిగా ఉంటే వాలడానికి చోటే లేదు. అడుగు పొట్టిదవుతుంది, నడక బిగుసుకుంటుంది, ఎటూ వాలదు. మనిషి కన్ను పట్టుకోలేని తావు సరిగ్గా ఇదే.

అందుకే స్కానింగ్ వచ్చింది. నిలబడిన గుర్రం కాలికే పెట్ స్కాన్ చేసే యంత్రాన్ని శాంటా అనిటాలో 2019 చివరలో పెట్టారు. ఎముకలో ఎక్కడ మరమ్మతు జోరుగా సాగుతోందో అది చూపుతుంది, ఎక్స్-రేకు అందని దశలోనే. జీను గుడ్డలో పెట్టిన సెన్సార్లతో దౌడులోని అడుగుల తేడాలను కొలిచే పరికరాలు కూడా వాడకంలోకి వచ్చాయి.

యంత్రం వచ్చాక తగవు తీరలేదు, రూపు మార్చుకుంది. 2020 మెల్‌బోర్న్ కప్‌లో ఆంథొనీ వాన్ డైక్ గాయపడి చనిపోయాక, ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్ర అధికారులు ఆ పందేనికి వచ్చే గుర్రాలకు స్కానింగ్ తప్పనిసరి చేశారు. 2024లో ఐర్లండ్ నుంచి వచ్చిన జాన్ బ్రూగెల్ అనే గుర్రాన్ని, స్కాన్లలో గాయం ప్రమాదం కనిపించిందంటూ పందెం నుంచి తప్పించారు. శిక్షకుడు ఎయిడన్ ఓబ్రయన్ గట్టిగా అభ్యంతరం చెప్పారు. గుర్రం కుంటడం లేదు, నొప్పి లేదు, అన్నిరకాలుగా బాగుందన్నది ఆయన మాట. 2025 జూన్‌లో అదే గుర్రం ఇంగ్లండ్‌లో కరొనేషన్ కప్ గెలిచింది.

ఈ గెలుపును చూపి ‘అప్పుడు ఆపడం తప్పే’ అన్నవారు ఉన్నారు. ఆ వాదంలో బలం లేకపోలేదు. స్కాన్‌లో కనిపించే ప్రతి మచ్చా ఎముక విరిగిన గుర్తు కాదు. గట్టి సాధన చేసే గుర్రం ఎముక మామూలు ఎముకలా కనిపించదు, చిత్రాన్ని చదివే నిపుణుల మధ్యే భేదాలు వస్తాయి. సముద్రాలు దాటించి తెచ్చిన గుర్రాన్ని చిత్రం చూసి ఆపితే యజమానికి నష్టం చిన్నది కాదు. అవతలివారు చెప్పేదీ అంతే నిజం. ఏడు నెలల తరువాత గెలవడం, ఆ నవంబరులో పరిగెత్తి ఉంటే ఏమయ్యేదో చెప్పదు. మధ్యలో దొరికిన విశ్రాంతి వల్లే గెలిచిందేమో కూడా. ఆపిన గుర్రం విషయంలో ఆపకపోతే ఏం జరిగేదో చూసే వీలు ఎవరికీ ఉండదు. ఆపిన వైద్యుడు తన నిర్ణయం సరైనదని ఎప్పటికీ నిరూపించలేడు. ఆపని వైద్యుడి పొరపాటు మాత్రం వేలమంది కళ్ల ముందు బయటపడుతుంది.

కాగితం మీద 14 రోజులు, లాయంలో 35

ఇదంతా ఒక గుర్రం మీద ఎలా పడుతుందో ఊహించి చూద్దాం. నాలుగేళ్ల ఆడ గుర్రం. చిన్న యజమాని, లాయంలో మొత్తం మూడు గుర్రాలు. సెప్టెంబరు 6, శనివారం ఉదయం పరీక్షలో ఎడమ ముందుకాలు పడినప్పుడు తల కొంచెం పైకి లేస్తోంది. వైద్యుడు పందెం నుంచి తప్పించి, కుంటు కారణంగా జాబితాలో చేర్చాడు. లెక్క ప్రకారం 14 రోజుల గడువు సెప్టెంబరు 20తో ముగుస్తుంది.

సోమవారం శిక్షకుడి సొంత వైద్యుడు ఎక్స్-రే తీశాడు. ఎముక విరగలేదు, గిట్టపై కీలులో వాపు ఉంది. కీలులోకి మందు ఎక్కించవచ్చు, అలా చేస్తే సాధన దౌడుకు ఏడు రోజులు, పందేనికి పద్నాలుగు రోజులు వేరుగా లెక్కపెట్టాలి. శిక్షకుడు వద్దనుకుని చన్నీళ్ల పట్టీలు, విశ్రాంతి ఎంచుకున్నాడు. పది రోజులు పగ్గం పట్టుకుని నడిపించడం మాత్రమే. సెప్టెంబరు 18 నుంచి మెల్లని పరుగు. గడువు ముగిసిన 20వ తేదీన గుర్రం ఇంకా వేగం అందుకునే స్థితిలోనే లేదు.

సెప్టెంబరు 30, మంగళవారం తెల్లవారాక నియంత్రణ వైద్యుడి ఎదుట నాలుగు ఫర్లాంగుల దౌడు. ముందు చూశాడు, తరువాత చూశాడు, చల్లారాక చూశాడు. తల నిలకడగా ఉంది. రక్తం తీశారు. ఆ రోజే తల ఊగి ఉంటే మొత్తం మళ్లీ మొదటికి వచ్చేది. అక్టోబరు 6, సోమవారం ప్రయోగశాల నుంచి ఏ మందూ లేదని ఫలితం వచ్చింది, పేరు జాబితా నుంచి తీసేశారు. 8న పందేనికి పేరు ఇచ్చారు. 11, శనివారం పందెం.

మొత్తం 35 రోజులు. ఆ రోజుల్లో మేత ఖర్చు ఆగలేదు, శిక్షణ రుసుము ఆగలేదు, పందెపు డబ్బు రాలేదు. చిన్న యజమానులు ఈ పద్ధతి మీద చేసే ఫిర్యాదు ప్రధానంగా ఇదే, అది నిజమైన బాధే. పెద్ద లాయాలకు ఒక గుర్రం ఆగితే ఇంకో గుర్రం ఉంటుంది. పెట్ స్కాన్ చేయించే స్తోమతా వారికే ఉంటుంది.

అక్టోబరు 11 ఉదయం ఆ ఆడ గుర్రం కాళ్లకు పట్టీలు మళ్లీ విప్పించారు. జాబితా దాటిందని ఎవరూ చూడకుండా వదలరు. వైద్యుడు వంగి, ముందు ఎడమ కాలి మీదే చెయ్యి వేశాడు.